వృద్ధాప్యపు రాబడి – పని పుస్తకములోని పేరు

(విరించిపురమున జరిగిన కుటుంబ సమావేశమున చేసిన ఉపన్యాసపు పాఠము)



ఇంటి రాబడి, ఇంటివారి శ్రమ, వృద్ధాప్యమున జీవనాధారము అను మూడింటిని కలిపి మాటలాడుమని మన సంఘము వారు నన్ను కోరిరి. అర్థశాస్త్రమనగానే బడ్జెట్టులును, పెద్ద బ్యాంకులును తలపునకు వచ్చి కొందరికి ఆవులింత వచ్చుట సహజమే. కాని ఈ సాయంకాలము నేను చెప్పదలచినది అట్టిది కాదు. గడచిన నూరేండ్లలో పరిశోధకులు ఇండ్ల గడపలయొద్దకు వచ్చి, ఎవరు ఏమి పని చేసిరి, ఎంత తెచ్చిరి, ఎవరు అప్పు చేసిరి, ఎవరు ఏమి తినిరి అని అడిగి వ్రాసికొనిన లెక్కలను గూర్చి చెప్పెదను. ఆ లెక్కలలో మన ఇండ్లు ఎట్లు కనబడునో చూతము.

మన ప్రాంతము ఇట్టి పరిశీలనకు క్రొత్తది కాదు. మదరాసు విశ్వవిద్యాలయమున తొలి అర్థశాస్త్రాచార్యుడుగా నుండిన గిల్బర్టు స్లేటరు తన విద్యార్థులను ప్రశ్నావళులతో గ్రామములకు పంపి, వచ్చిన ఫలితములను 1918లో గ్రంథముగా ప్రకటించెను. ఆ గ్రామములలో నాటి ఉత్తర ఆర్కాటు జిల్లాకు చెందిన దూసి యొకటి. తరువాత ఇరువదేండ్లకు పి.జె. తామస్, కె.సి. రామకృష్ణన్ గార్లు ఆ గ్రామములకు తిరిగి పోయిరి. 1980లలో ఎస్. గుహన్ గారు దూసిని మరల చూచిరి. ఈ నడుమ 1973–74లో కేంబ్రిడ్జి, మదరాసు విశ్వవిద్యాలయముల పండితులు ఈ జిల్లాలోని వరి పల్లెలను ఇంటింట పరిశీలించి, క్రొత్త వంగడముల వలన చిన్న రైతునకును, కూలివానికిని ఆశించినంత మేలు జరుగలేదని తలంచిరి. పదేండ్ల పిమ్మట అవే పల్లెలకు వచ్చిన వారి ఫలితములను పీటర్ హేజెల్, సి. రామసామి గార్లు 1991లో ప్రకటించిరి. చిన్నవారి రాబడులు గణనీయముగా పెరిగినవని వారు చూపిరి. రెండు పక్షములవారును నిజాయితీగా లెక్కించినవారే. ఒక సంవత్సరపు పంటను చూచి ఒక కుటుంబపు భవిష్యత్తును నిర్ణయింపరాదని దీనివలన తెలియుచున్నది. ఇది గణకులకే కాదు, పిల్ల నిచ్చుటకు ముందు అవతలివారి పొలము చూచి వచ్చు మన పెద్దలకును వర్తించును!

ఇక వృద్ధాప్యపు మాటకు వత్తము. 1954లో ఫ్రాంకో మొడిగ్లియాని, రిచర్డు బ్రూంబర్గు అను నిరువురు ఒక సిద్ధాంతమును ప్రతిపాదించిరి. మనుష్యుడు పని చేయు కాలమున మిగుల్చుకొని, పని మానిన కాలమున దానిని తినుననియే దాని సారము. మొడిగ్లియానికి 1985లో నోబెలు బహుమానము వచ్చెను. ఇది చీమలకును తెలిసినదే కదా యని మీరు నవ్వవచ్చును. కాని ఆ సిద్ధాంతమున రెండు ఊహలు దాగియున్నవి. నెలనెల జీతము వచ్చు ననునది మొదటిది. పని మానుటకు ఒక తేది యుండు ననునది రెండవది. గుడియాత్తమున లుంగీలు నేయు వానికి ఈ రెండును లేవు. చూపు మందగించినపుడు గజములు తగ్గును. మోకాలు పట్టినపుడు మరికొంత తగ్గును. ఎన్నడో ఒకనాడు మగ్గము గుంట వట్టిదగును. "రిటైరగుట" అను మాటకు మన నేతవాని భాషలో సమానమైన మాట లేకపోవుటకు కారణమిదే.

మరి అట్టివాని కుటుంబము ఇన్ని తరములు ఎట్లు నిలిచినది? దీనికి సమాధానము మన తెలుగు దేశముననే దొరకినది. హైదరాబాదు సమీపమున పటాన్‌చెరులో నున్న ఇక్రిశాట్ సంస్థవారు 1975 నుండి పదేండ్లపాటు మహబూబ్‌నగర్ జిల్లా అవురేపల్లి మొదలగు గ్రామములలో కొన్ని కుటుంబముల రాబడిని, తిండిని విడువక వ్రాసికొనిరి. ఆ లెక్కలను పట్టుకొని రాబర్టు టౌన్సెండు అను శాస్త్రజ్ఞుడు 1994లో ఒక విశేషమును చూపెను. ఒక ఇంటి రాబడి పడిపోయినను ఆ ఇంటి తిండి అంతగా పడిపోలేదు. ఊరంతయు తగ్గినపుడు ఆ యిల్లును తగ్గినది, ఊరంతయు పెరిగినపుడు ఆ యిల్లును పెరిగినది. అనగా చేబదుళ్ళు, బంధువుల సాయము, ధాన్యపు నిలువ – వీనిచేత ఊరు తనకు తానే భీమా కంపెనీగా నుండెనన్న మాట. అయితే భూమి లేనివారికి ఆ నీడ అంతగా అందలేదు.

అవే లెక్కలనుండి మార్కు రోజెన్‌జ్వైగు, ఓడెడ్ స్టార్కు గార్లు 1989లో మరియొక సంగతి తీసిరి. కుమార్తెలను దూరపు ఊళ్ళకు ఇచ్చిన కుటుంబములు వానలు తప్పిన యేట తక్కువగా కష్టపడినవి. ఇక్కడ వాన లేకున్నను వియ్యాలవారి ఊరిలో నుండవచ్చును కదా! మనవారు పలమనేరు, కుప్పము, చిత్తూరు ప్రాంతములతో సంబంధములు చేసికొనుట భాష కొరకని చెప్పుచుందుము. అది నిజమే. ఆ సంబంధముల వెనుక పాలారు ఎండిన యేటి జ్ఞాపకము కూడ కొంత యుండియుండునని నాకు తోచుచున్నది.

కాని ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. కరవు ఒక యేడు వచ్చి పోవును. వృద్ధాప్యము అట్లు కాదు. మన దేశమున అరువదేండ్లు నిండినవారు సగటున ఇంకను సుమారు 18 ఏండ్లు జీవించుచున్నారు. చేబదులిచ్చు పొరుగువాడు పదునెనిమిదేండ్లు ఇయ్యజాలడు. పైగా అతడును అదే సమయమున ముసలివాడగును. 2011 జనాభా లెక్కల ప్రకారము తమిళనాడులో నూటికి పదిమందికి పైగా అరువదేండ్లు దాటినవారు. దేశమంతట చూచిన ఆ సంఖ్య తొమ్మిదికి లోపుననే యుండెను. ఊరు కరవునకు భీమా కాగలదు గాని ముసలితనమునకు కాజాలదు.

అయినచో మనవారు మిగుల్చుకొనరా? బాగుగా మిగుల్చుకొందురు. ఇందుకు విజయవాడ నుండి ఒక నిదర్శనము చెప్పెదను. స్టూవర్టు రూథర్‌ఫర్డు అను నతడు అచ్చటి పేదవాడలలో ఒక స్త్రీని చూచెను. ఆమె ఇంటింటికి పోయి దినమునకు ఐదేసి రూపాయలు వసూలు చేసి, 220 గడులు గల అట్టపై గుర్తు పెట్టును. 220 దినములకు పదునొకండు వందల రూపాయలగును. ఆమె వేయి రూపాయలు తిరిగి యిచ్చి, నూరు రూపాయలు తన కష్టమునకు ఉంచుకొనును. వడ్డీ వచ్చుట అటుండనిచ్చి, దాచుకొన్నవారే ఎదురు వడ్డీ కట్టుచున్నారు! బ్యాంకువాడు వినిన పిచ్చియని నవ్వును. కాని ఆ ఇల్లాలికి తెలియును: ఇంటిలో డబ్బాలో నున్న ఐదు రూపాయలు సాయంకాలమునకు నిలువవు. పిల్లవాడడుగును, మగడడుగును, మరిది యడుగును. ఆఫ్రికాలోని నైరోబి నగరపు కిబెరా వాడలో సివాన్ ఆండర్సన్, జాన్-మరీ బలాండ్ గార్లు చూచినదియు ఇదియే. అచ్చటి భార్యలు చీటీలలో చేరుటకు ముఖ్య కారణము ఆ డబ్బును భర్త చేతికి అందకుండ నుంచుటయేనని 2002లో వారు వ్రాసిరి. ఫిలిప్పీను ద్వీపములలో ఒక బ్యాంకు, గడువు వచ్చువరకు తీయరాని ఖాతాను ఇయ్యజూపగా, నూటికి ఇరువది యెనిమిదిమంది దానిని ఇష్టపూర్వకముగా స్వీకరించిరి. తమ చేతులను తామే కట్టుకొనిరి. ఆ పరిశోధన 2006లో అచ్చయినది.

మన గుడియాత్తపు ఆడువారికి ఈ పండితులు క్రొత్తగా చెప్పవలసినది లేదు. చీటీ పాట యన్న నేమో, పాడినవారెంత నష్టపోవుదురో, ఆగినవారెంత లాభింతురో వారు నోటిలెక్కగా చెప్పగలరు. 1961 నాటి మదరాసు చట్టమును, 1982 నాటి కేంద్ర చట్టమును చీటీల కొరకే పుట్టినవి. రిజిస్టరు కాని చీటీలో సొమ్ము పెట్టుట యెంతటి సాహసమో చట్టము చదువనివారికి సయితము తెలియును. చీటీలోని లోపము వేరు. అది ఇరువది నెలలకో, నలువది నెలలకో ముగియును. ఆ సొమ్ము పెండ్లికో, గాజులకో, మిద్దెకో పోవును. మరల మొదటినుండి ఆరంభము. ముప్పదేండ్లు చీటీ కట్టిన ఇల్లాలు అరువదవ యేట చూచుకొనిన, ఆమె పేరున ఏమియు మిగిలియుండదు. ముప్పదేండ్ల దూరము పోవు నిధి వేరొకటి కావలెను. అట్టిది పనితో ముడిపడి యుండును. ఇచ్చటనే నేను ముఖ్యముగా చెప్పదలచిన మాట వచ్చుచున్నది.

విరించిపురము దేవాలయములో ఎండనీడచే గంట తెలుపు రాతిని మీరందరు చూచియున్నారు. దానిపై పుల్ల నుంచిన నీడ గీతపై పడి వేళ తెలియును. ప్రభుత్వమువారు కూడ ఇటీవల ఇంటింట వేళను లెక్కించుచున్నారు. పొద్దున లేచినది మొదలు పరుండు వరకు ఎవరు ఏ పనిలో ఎన్ని నిమిషములు గడపిరని అడుగుదురు. మొదటి ప్రయత్నము 1998–99లో ఆరు రాష్ట్రములలో జరిగెను. అందులో తమిళనాడు ఒకటి. 2019లో దేశమంతట జరిగిన లెక్కలో, జీతములేని ఇంటి పనిలో పాల్గొన్న స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, అట్టి పురుషులు 97 నిమిషములును గడపుచున్నట్లు తేలినది. 2024లో ఆ అంకెలు 289, 88. అయిదేండ్లలో ఆడవారికి పది నిమిషములు తగ్గినవి. మగవారికిని తొమ్మిది నిమిషములు తగ్గినవి!

ఈ నిమిషములలో వంట మొదలగు ఇంటి పనులు గలవు. ఇంతేకాక, ఇంటి పనియో బయటి పనియో తేల్చి చెప్పజాలని పని యొకటి గలదు. మగ్గమున్న ఇంటిలో ఆసు పోయునది యెవరు? కండెలు చుట్టునదెవరు? చిక్కు విప్పునదెవరు? పడుగు, పేక సిద్ధము కానిదే నేతగాడు ఒక జానెడైనను నేయలేడు. కాని కూలి చేతికి వచ్చినపుడు అది మగ్గపు కూలి, మగవాని కూలి. సహకార సంఘములో సభ్యత్వము తరచు అతని పేరుననే యుండును. తమిళనాడులో సహకార సంఘపు నేతగాండ్రు కూలిలో కొంత కట్టగా ప్రభుత్వము కొంత చేర్చు పొదుపు పథకము 1975 నుండి గలదు. నేతవారికి వృద్ధాప్యపు పింఛనును గలదు. కండెలు చుట్టిన చేతికి ఆ పుస్తకములో పేరు లేకున్న, పింఛనులో మాత్రము పేరెట్లు వచ్చును?

బీడీల సంగతి ఇంతకంటె తీవ్రము. వేలూరు, గుడియాత్తము, పేర్ణంబట్టు ప్రాంతములలో ఎన్ని ఇండ్ల వాకిళ్ళలో చేటలు మోకాళ్ళపై నుండునో మీరెరుగుదురు. ఆకు తడిపి, కత్తిరించి, పొగాకు నింపి, దారము కట్టి, కట్టలుగా పేర్చి ఇచ్చిన వేయి బీడీలకింత యని కూలి. 1952 నాటి ప్రావిడెంటు ఫండు చట్టము మొదట సిమెంటు, సిగరెట్లు, ఇనుము, కాగితము, బట్టలు, యంత్రపు సామగ్రి అను ఆరు పరిశ్రమలకే వర్తించెను. బీడీ పరిశ్రమకు 1977లో వర్తింపజేసిరి. ఇంటిలో కూర్చుండి చుట్టు స్త్రీలు మా పనివారు కారని యజమానులు వాదించిరి. వ్యాజ్యము సుప్రీము కోర్టు వరకు పోయెను. 1985లో ఆ న్యాయస్థానము చెప్పిన తీర్పు మన ఆడువారందరు తెలిసికొనవలసినది. బాగులేని బీడీలను తీసివేయు అధికారము యజమానికి గలదు గనుక, పని ఇంటిలో జరిగినను అది అతని అదుపులోనిదే, కాబట్టి ఇంట చుట్టువారును పనివారే యని కోర్టు నిర్ణయించెను. తిరుగగొట్టిన బీడీలను చూచి కన్నీరు పెట్టుకొనిన స్త్రీకి, ఆ తిరుగగొట్టుటయే హక్కునకు ఆధారమైనది. న్యాయశాస్త్రములో ఇంతకంటె చమత్కారమైన మాట నేను చదువలేదు.

కాని హక్కు పుస్తకములో పేరున్నవారికే దక్కును. మన ఇండ్లలో జరుగుచున్నదేమి? పాసుపుస్తకము అత్తగారి పేరున నుండును. కోడలు చుట్టును, పెండ్లికాని ఆడుబిడ్డ చుట్టును. ముగ్గురు చుట్టిన బీడీలు ఒక పేరున పోవును. అత్తగారికి అరువదేండ్లు వచ్చి చేటను దింపునప్పటికి, కోడలు పదునైదేండ్లు పని చేసియుండును. అయినను లెక్కలో ఆమె ఒక్క దినమైనను పని చేసినది కాదు. 1995 నాటి పింఛను పథకము ప్రకారము నెలనెల పింఛను రావలెనన్న పదేండ్ల సేవ లెక్కకు రావలెను. 58 ఏండ్ల వయస్సున అది ఆరంభమగును. 2014 సెప్టెంబరు నుండి అందులో కనీసపు మొత్తము వేయి రూపాయలు. వేయి రూపాయలేనా యని అందురు. చిన్నదే. కాని అది ఎవరిని అడుగనక్కరలేని వేయి రూపాయలు. ఆడుబిడ్డ పెండ్లియై పోవునపుడు ఆమె చుట్టిన ఏండ్లు పుట్టినింటి పుస్తకములోనే నిలిచిపోవును. వాటిని ఆమె వెంట తీసికొని పోజాలదు.

పేరు గూర్చి మనవంటివారికి మరియొక చిక్కు గలదు. ఇది మన సంఘమునకు ప్రత్యేకముగా సంబంధించినది. తమిళ లిపిలో క, గ లకు ఒకే అక్షరము. ట, డ లకును అంతే. ఇంటిలో గోవిందమ్మ యని పిలువబడు నామె, ఒక కాగితములో కోవిందమ్మాళ్ అగును. మరియొక దానిలో ఇంగ్లీషు అక్షరములలో వేరొక విధముగా పడును. తండ్రి పేరు మొదటి అక్షరముగా ఒకచోట, భర్త పేరు మొదటి అక్షరముగా మరియొకచోట నుండును. పని చేయు కాలమున ఇది ఎవరికిని బాధ కలిగింపదు. సొమ్ము తీసికొను దినమున ఆధారు, బ్యాంకు పుస్తకము, ప్రావిడెంటు ఫండు కాగితము మూడును ఒకే పేరు చెప్పకున్న, అర్జీ తిరిగి వచ్చును. ఆ వయస్సున కార్యాలయముల మెట్లెక్కుట కంటె, నలువదవ యేట దిద్దించుకొనుట సులభము. భాషను కాపాడుకొనవలెనని మనము సభలు చేయుచున్నాము, మంచిదే. భాష వలన మారిన పేరును కాగితములలో సరిచేయించుటయు సంఘపు పనియేనని నా మనవి.

ఇంటిలోనికి సొమ్ము వచ్చిన చాలును, ఎవరి పేరున వచ్చిన నేమి యని కొందరు పెద్దలు తలంతురు. అర్థశాస్త్రజ్ఞులును చాల కాలము ఇంటిని ఒకే సంచిగా లెక్కించిరి. దక్షిణాఫ్రికాలో జరిగిన పరిశోధన ఆ యూహను సడలించినది. 1990ల ఆరంభమున అచ్చట నల్లవారి వృద్ధులకు గణనీయమైన పింఛను అందనారంభించెను. ఎస్తేరు డఫ్లో ఆ ఇండ్లలోని పిల్లల బరువు, ఎత్తుల లెక్కలు పరిశీలించి 2003లో ప్రకటించిన దేమనగా – అవ్వకు పింఛను వచ్చిన ఇండ్లలో మనుమరాండ్ర ఒడలు పుష్టి పొందినవి. తాతకు వచ్చిన పింఛను వలన అట్టి మేలు కనబడలేదు. ఇచ్చట కూర్చున్న తాతలు నన్ను మన్నింపవలెను. ఈ మాట నాది కాదు, తూకపు యంత్రము చెప్పినది.

ఆస్తిని గూర్చి కొంచెము చెప్పి ముగించెదను. మన కుటుంబములలో వృద్ధాప్యపు ఆధారమనగా ఇల్లు, రెండెకరములు, కుమారుడు. 1985లో బెర్న్‌హైము, ష్లైఫరు, సమ్మర్సు అను ముగ్గురు అమెరికాలో లెక్క తీసి, వ్రాసి యియ్యదగిన ఆస్తి చేతిలో నున్న తలిదండ్రులను పిల్లలు ఎక్కువగా చూడవచ్చుచున్నారనియు, ఒకే బిడ్డ గల ఇండ్లలో ఆ భేదము కనబడలేదనియు వ్రాసిరి. అది వారి దేశపు సంగతి, మనవారు అట్లు కారని చెప్పవలెనని నాకును ఆశ గలదు. కాని సెటిల్‌మెంటు దస్తావేజు రిజిస్టరైన మరునాటినుండి ముసలివారి మంచము నట్టింటినుండి వసారాలోనికి జరిగిన ఇండ్లు మీ వీథులలో లేవా? 2007 నాటి తలిదండ్రుల, వృద్ధుల పోషణ చట్టములో 23వ విభాగము దీని కొరకే గలదు. మమ్ము పోషింపవలెనను షరతుతో ఇచ్చిన ఆస్తిని, పోషింపనిచో ఆ బదిలీని రద్దు చేయించుకొనవచ్చును. అందుకని ఆ షరతు దస్తావేజులోనే వ్రాయించుడు. నోటిమాటగా కొడుకునకు చెప్పియుంటిమని తరువాత చెప్పుకొనుట కష్టము. అట్లే ఆడుబిడ్డలకు పిత్రార్జితమున సమభాగము తమిళనాడులో 1989 నుండియు, దేశమంతట 2005 నుండియు గలదు. వృద్ధాప్యమున ఆ భాగము ఒక స్త్రీకి ఎంత ధైర్యమో లెక్క వేసికొనుడు.

ప్రభుత్వపు వృద్ధాప్య పింఛను ఆంధ్రదేశమున 1960లోను, మదరాసు రాష్ట్రమున 1962లోను ఆరంభమైనది. ఈ రాష్ట్రమున 2023లో అది 1200 రూపాయలైనది. సరిహద్దు దాటి చిత్తూరు జిల్లాలో 2024 జులై నుండి 4000 రూపాయలు. పాలారుకు ఎగువనున్న అక్కగారికి నాలుగు వేలు, దిగువనున్న చెల్లెలికి పన్నెండు వందలు! ఈ భేదమును చూచి మనవారు కొందరు బంధువుల ఇంటి చిరునామాతో అచ్చట కార్డు తీసికొందమని యోచించుచున్నట్లు వింటిని. అది తప్పు. పట్టుబడినచో రెండును పోవును. ఇంకను నలువది నిండని యువతీయువకులకు 2015లో ఆరంభమైన అటల్ పింఛను పథకము గలదు. నెలకు వేయి మొదలు ఐదు వేల వరకు, ఎంత కావలెనో అంతకు తగిన చందా. బ్యాంకు ఖాతా నుండి దానంతట అదియే పోవును గనుక, విజయవాడ స్త్రీకి ఇచ్చినట్లు కాపలా కూలి ఇయ్యనక్కరలేదు.

వచ్చు ఆదివారము ఉదయము ఇచ్చటనే, బీడీ పాసుపుస్తకము గాని, నేత సహకార సంఘపు పుస్తకము గాని ఉన్నవారు దానిని, ఆధారు కార్డును, బ్యాంకు పుస్తకమును తీసికొని రావలసినదిగా కోరుచున్నాను. మూడింటిలోను పేర్లు ప్రక్కప్రక్కన పెట్టి చూతము. పుస్తకము లేక పని చేయుచున్న కోడండ్రు, కుమార్తెలు ముందుగా రావలెను. వారు ఎన్నేండ్లనుండి, ఏ కంట్రాక్టరు వద్ద చుట్టుచున్నారో, ఏ మగ్గమునకు కండెలు చుట్టుచున్నారో వ్రాసికొనుటకు ఇరువురు యువకులు కాగితములతో సిద్ధముగా నుందురు.